తుపాకీ ఎవరి చేతిలో?

భోగినాడు మా మనవడు హైదరాబాదు నుంచి ముదినేపల్లి వచ్చాడు. పన్నెండేళ్ళవాడు. అరిసె ముక్కయినా కొరక్కుండా అరుగు చివర చేరి ఫోను తెరిచాడు. లోపల ఒకటే కాల్పులు. పుస్తకం చదవకుండా విమర్శ రాసే అలవాటు మనకి ఉన్నదే కదా! ఆట చూడకుండానే “హింస!” అని తీర్పిచ్చి ఫోను లాక్కున్నాను. వాడు అరిచాడు, దిండు విసిరాడు. నేను చెంప మీద ఒకటిచ్చాను.

“నువ్వే ఆట ఆడి కొట్టావు తాతయ్యా?” అన్నాడు, కళ్ళనిండా నీళ్ళతో.

జవాబు తోచక, ప్రాయశ్చిత్తంగా వాడి పక్కన కూచుని పబ్జీ చూశాను. కథ చిన్నదే. వందమంది పారాచూట్లతో ఓ దీవిలో దిగుతారు. దొరికిన ఆయుధం పట్టుకుంటారు. తిరగడానికి నేల రానురాను కుదించుకుపోతుంది. ఆఖరికి మిగిలిన జట్టుది గెలుపు, దానికి తెర మీద కోడి విందు!

మెచ్చుకోదగ్గది లేకపోలేదు. కూలిన జట్టువాణ్ణి మావాడు తూటాల మధ్య పాకి వెళ్ళి లేపాడు. చెడుగుడులో చచ్చినవాడు మళ్ళీ లేచినంత సంబరం! నాకు నచ్చనిది వేరు. ఎదటివాడికి మొహం లేదు. ఓడినవాడి ఏడుపు వినపడదు. ఒక ఆట అవగానే మరో ఆట వేలికిందే సిద్ధం. కోపం చల్లారడానికి సందేదీ?

శాస్త్రజ్ఞులూ ఈ పేచీ తేల్చుకోలేదు. అమెరికా మనస్తత్వవేత్తల సంఘం 2020లో చెప్పింది ఇదీ: ఇలాంటి ఆటలకీ, అరవడం, తోయడం వంటి దుడుకుతనానికీ కొద్దిపాటి సంబంధం ఉంది, ఘోరమైన హింసకి వీటినే కారణమనడానికి ఆధారాలు చాలవు. అంతకన్నా నన్ను ఆలోచింపజేసింది ఆక్స్‌ఫర్డ్, రోచెస్టర్ పరిశోధకులు 2014లో ప్రకటించిన ముచ్చట. ఇటుకలు పేర్చే టెట్రిస్‌లో నెత్తురుచుక్క ఉండదు. దాన్నే చేతికి లొంగకుండా మార్చి ఇస్తే ఆడేవాళ్ళకి దుడుకుతనం పెరిగిందట. అంటే కోపం తుపాకీలోనే లేదు, చెయ్యి సాగకపోవడంలోనూ ఉంది. గెలవబోయేవాడి చేతిలోంచి ఫోను లాక్కున్న తాతయ్య ఆ లెక్కలో ఎక్కడుంటాడో మీరే చెప్పండి.

2020 సెప్టెంబరులో కేంద్రం పబ్జీని నిషేధించినప్పుడు పిల్లలు బాగుపడ్డారని మనం సంతోషించాం. సర్కారు చెప్పిన కారణం మాత్రం దేశభద్రత, సమాచార భద్రత. మరుసటేడే అది దేశీ పేరుతో తిరిగొచ్చింది. 2022లో మళ్ళీ ఆపారు, 2023లో మళ్ళీ వదిలారు. చట్టం వస్తూ పోతూ ఉంటుంది. అరుగు మీద ఉండేది మనమే.

కనుమునాడు కాకి కూడా కదలదంటారు. మా వైపు మగాళ్ళు మాత్రం బరికి కదులుతారు. కోడి కాలికి కత్తి కట్టి పందెం కాయడాన్ని 1960 జంతుహింస చట్టమూ, 1974 జూదం చట్టమూ రెండూ ఒప్పవు. అయినా అది మనకి సంప్రదాయం! ఆరేళ్ళ కిందట వీణ్ణి భుజమెక్కించుకుని ఆ నెత్తురు చూపించింది నేనే. అప్పుడు వాడు కళ్ళు మూసుకున్నాడు. నేను “చూడరా, ఏం కాదు” అన్నాను.

ఈసారి బరికి వెళ్ళలేదు. “ఈ ఆట అయ్యాక ఫోను నాది. సరేనా?” అన్నాను. “ఐదు నిమిషాలు” అన్నాడు. ఇరవై పట్టింది. ఆఖరికి ఓడిపోయి, మొహం మాడ్చుకుని, విసరకుండా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

చెంపదెబ్బ మాట ఇద్దరం ఎత్తలేదు. నేను ఎత్తి ఉండాల్సింది.