స్వామి ఎత్తులో నిలబడి చెప్పిన కథ

రాముడి దగ్గర పది మామిడిపళ్లున్నాయి. వాటిని అమ్మి పదిహేను అణాలు సంపాదించాలనుకున్నాడు. కృష్ణుడికి నాలుగు పళ్లే కావాలి. కృష్ణుడు ఎంత ఇచ్చుకోవాలి? వేసవి సెలవుల్లో నాన్న ఇచ్చిన ఈ లెక్క ముందు కూర్చున్న స్వామినాథన్‌కి వచ్చిన అనుమానం వేరు. ఆ పళ్లు పండినవా, కాయలా? అది తెలియకుండా ధర ఎలా కడతారు? ఆలోచిస్తున్నకొద్దీ రాముడు మనిషిగా కళ్లకు కడతాడు. పదిహేను అణాలూ చేతిలో పడేదాకా కదలడు, అచ్చం క్లాసులో ఫస్టొచ్చే శంకర్‌లాగా. కృష్ణుడేమో పాపం, అందరూ బఠాణీ అని పిలిచే చిన్నపాటి శామ్యూల్ లాంటివాడు. స్వామికి జాలి పుట్టుకొస్తుంది. నాన్నకు ఓపిక తగ్గిపోతుంది. చివరికి ఆరణాలన్న జవాబు వస్తుంది, దానితోపాటే ఏడుపూ వస్తుంది.

ఆర్.కె. నారాయణ్ నవల 'స్వామి అండ్ ఫ్రెండ్స్'లో ఈ ఘట్టం రెండు మూడు పేజీలకు మించదు. దీని మీద పాఠకులు తేల్చుకోలేని తగువు మాత్రం తరాల నుంచీ నడుస్తోంది. బెంగళూరులో మల్లేశ్వరంలోనో జయనగర్‌లోనో తెలుగు ఇళ్లలో ఈ పుస్తకం మాట వస్తే చాలు, ఒకరు పొట్ట చెక్కలయ్యేలా నవ్వామంటారు. ఇంకొకరు తమ నాన్నే గుర్తొచ్చి పుస్తకం మూసేశామంటారు. లెక్కల టీచర్లు తండ్రి పక్షం, ఆయన అడుగడుగునా ఎంత చక్కగా విడగొట్టి అడిగాడో చూడమంటారు. పదేళ్ల పిల్లలకైతే సందేహమే లేదు, స్వామి అడిగింది సరైన ప్రశ్న. పచ్చి మామిడికాయకూ పండుకూ ఒకే రేటు ఏ బజార్లో ఉంటుంది?

ఇంతమంది ఇన్ని రకాలుగా చదవగలగడం రచయిత ఏమరుపాటు వల్ల జరగలేదు, ఆయన పనితనం వల్ల జరిగింది. తండ్రి కఠినుడని రచయిత ఎక్కడా అనడు. పిల్లవాడు తెలివైనవాడనీ అనడు, మందమతి అనీ అనడు. తండ్రి మాట ఒకటి, కొడుకు బుర్రలో కదిలిన బొమ్మ ఒకటి పక్కపక్కన పెట్టి తప్పుకుంటాడు. తీర్పు చెప్పే పని మనకు వదిలేశాడు. మనం ఏ వయసులో ఉన్నామో, ఎవరి చేత దెబ్బలు తిన్నామో, ఎవరిని కొట్టామో, దాన్నిబట్టి చెబుతాం.

పిల్లల చదువు ఆయనకు కథా వస్తువుగా మాత్రమే మిగల్లేదు. యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషులోనే తప్పిన మనిషి ఆయన. తండ్రి హెడ్మాస్టరు. ఎనభై ఏళ్లు దాటాక రాజ్యసభలో నామినేటెడ్ సభ్యుడిగా 1989లో మాట్లాడడానికి లేచి, దేశంలో ఇన్ని సమస్యలుండగా, పిల్లల వీపుల మీది పుస్తకాల సంచుల బరువు గురించి మాట్లాడారు. తర్వాత బడిపిల్లల చదువు భారం మీద వేసిన యశ్‌పాల్ కమిటీ ఏర్పాటుకు దారితీసిన చర్చలో ఆ ప్రసంగానికి పెద్ద చోటే ఉంది. ఈ సంగతి తెలిశాక మామిడిపళ్ల లెక్కను మళ్లీ చదివితే, అందులో తండ్రిని వెక్కిరించకుండా ఉండడానికి రచయిత ఎంత నిగ్రహం పాటించారో తెలుస్తుంది.

నవల పుట్టింది బెంగళూరులో, 1930లో. అమ్మమ్మ ఎంచి చెప్పిన మంచిరోజున కొత్త నోటుపుస్తకం కొనుక్కుని కూర్చుంటే, చిన్న రైలు స్టేషనుతో సహా మాల్గుడి అనే ఊహల్లోని ఊరు కళ్ల ముందుకొచ్చిందని నారాయణ్ రాసుకున్నారు. మల్లేశ్వరం మొదలూ బసవనగుడి చివరా కలిపి ఆ పేరు చేశారని బెంగళూరువాళ్లు ఇష్టంగా చెప్పుకుంటారు, చెప్పుకోనివ్వండి. నాకు ముఖ్యంగా కనిపించేది ఆ స్టేషను. ఊహలో మొదట కనబడిన ఆ స్టేషనులోనే నవల ముగుస్తుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

రాసిన పుస్తకాన్ని ఇంగ్లండులో ప్రచురణకర్తలు వరసగా తిప్పికొట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న స్నేహితుడు పూర్ణకు, ఆ కట్టకు ఒక రాయి కట్టి థేమ్స్ నదిలో పడెయ్యమని నారాయణ్ ఉత్తరం రాశారు. పూర్ణ ఆ పని చేయకుండా గ్రాహం గ్రీన్ చేతికిచ్చాడు. గ్రీన్ మెచ్చి, ప్రచురణకర్తను కుదిర్చి, 'స్వామి ద టేట్' అన్న పేరు మార్పించాడు. టేట్ అంటే అప్పటి ఇంగ్లండు బౌలర్ మారిస్ టేట్. స్వామి బౌలింగు చూసి స్నేహితుడు రాజం పెట్టిన బిరుదు అది. 1935లో హమిష్ హామిల్టన్ కంపెనీ పుస్తకం తెచ్చింది. పెద్దగా అమ్ముడుపోలేదు.

ఇక చేతిపని సంగతి. మన తెలుగువాళ్లకు పిల్లవాడి లోకం అనగానే ముళ్లపూడి వెంకటరమణ 'బుడుగు' గుర్తొస్తాడు. బుడుగు తన కథ తానే చెబుతాడు. ఆ గొంతే ఆ పుస్తకానికి ప్రాణం. పెద్దవాళ్లు బుడుగు నోట్లోంచి తప్ప మనకు కనబడరు. నారాయణ్ ఎంచుకున్న దారి ఇంతకంటే ఇరుకైనది. కథ చెప్పేది స్వామి కాదు, పెద్దవాడైన కథకుడు. కానీ ఆ కథకుడు స్వామి ఎత్తుకు వంగి నిలబడతాడు. స్వామికి పెద్దదిగా కనబడేది కథలో పెద్దదిగానే ఉంటుంది. హెడ్మాస్టరు బెత్తం, రాజం మేజోళ్లు, క్రికెట్ సామాన్ల కోసం మద్రాసుకు రాసిన ఉత్తరం, అన్నిటికీ వాటి వాటి గౌరవం దక్కుతుంది. పిల్లల మాట రాయబోయి ముద్దుమాటల్లోకి జారడం తేలిక. ఇందులో ఒక్క ముద్దుమాట లేదు. స్వామినాథన్ అన్న పూర్తి పేరుతో, ఒక పెద్దమనిషి గురించి చెబుతున్నంత మర్యాదగా కథ నడుస్తుంది. నవ్వు పుట్టేది ఆ మర్యాదలోంచే.

ఈ పద్ధతి మీద గట్టి అభ్యంతరం వచ్చేది టోపీ ఘట్టంలో. 1930 ఆగస్టు నెల. మాల్గుడి సరయూ నది ఒడ్డున సభ, విదేశీ బట్టల మంట. నీ తలమీదిది సీమగుడ్డ కాదా అని ఎవరో అనగానే స్వామి టోపీ తీసి మంటలో పారేస్తాడు. మర్నాడు గుంపుతో కలిసి బడి అద్దాలు పగలగొడతాడు. పోలీసులు లాఠీలు ఎత్తుతారు. వాళ్లకు ఆజ్ఞలిచ్చే అధికారి ఎవరో కాదు, రాజం తండ్రి. ఇంటికొచ్చాక నాన్న చెప్పేదాన్నిబట్టి ఆ టోపీ అసలు ఖద్దరుదే.

స్వాతంత్ర్య పోరాటాన్ని పిల్లల అల్లరి స్థాయికి దించేశాడని ఒక వర్గం పాఠకుల కోపం. ఉన్నవ 'మాలపల్లి' చదివి పెరిగిన పెద్దలకు ఈ తేలికదనం మింగుడుపడదు, వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఒకసారి ఆ పేజీలను తిరగేసి చూడండి. స్వామిని వీరుడిగా చూపడం ఎంత సులువు! ఆ సులువైన పని చేయలేదు. లాఠీ దెబ్బలకు హడలిపోయిన ఆ పిల్లవాడికే ఆ అధికారి దర్పం చూసి మనసులో ఒక మెచ్చుకోలు కూడా కలుగుతుంది, స్నేహితుడి తండ్రి కదా. పదేళ్లవాడి లోపల భయమూ మెచ్చుకోలూ దేశభక్తీ గుంపులో ఉన్న హుషారూ ఇలాగే కలగాపులగంగా ఉంటాయి. పెద్దల చరిత్ర పుస్తకాలు వాటిని విడదీస్తాయి, ఈ నవల విడదీయదు. ఖద్దరు టోపీ మంటలో పడిందన్న చిన్న సంగతితో, గుంపులో ఆవేశం ఎంత గుడ్డిగా పనిచేస్తుందో చెప్పేసి, దాని మీద ఒక్క వ్యాఖ్య కూడా చేయకుండా అధ్యాయం ముగించాడు. నాకు ఇది తేలికదనంగా అనిపించదు.

మరో అభ్యంతరం ఉంది. దానికి నా దగ్గర సమాధానం లేదు. బండివాడి కొడుకు కథ. ఇనుప చక్రం దొర్లించాలన్న మోజులో స్వామి బండివాడి మాట నమ్మి డబ్బులు పోగొట్టుకుంటాడు. రాజం నాయకత్వంలో స్వామీ, ఇంకో స్నేహితుడు మణీ ఆ బండివాడి కొడుకును పట్టుకోవడానికి పూరిగుడిసెల వాడకు వెళ్లి, పిల్లల రాళ్ల దెబ్బలకు పారిపోయి వస్తారు. నవ్వించే అధ్యాయమే. ఐతే ఆ గుడిసెల్లోని పిల్లలకు పేరూ లేదు, మనసూ లేదు. రాముడు, కృష్ణుడు లాంటి లెక్కలోని బొమ్మలకు దొరికిన ఊహ వాళ్లకు దొరకలేదు. స్వామి చూపు అక్కడిదాకా వెళ్లదు, సరే. కథకుడి చూపు కూడా ఎందుకు ఆగిపోయింది? ఈ ప్రశ్న వేసేవాళ్లలో ఆ వాడల నుంచి చదువుకుని వచ్చినవాళ్లున్నారు. పిల్లవాడి ఎత్తు అన్నది అన్నిచోట్లా సమాధానం కాదని వాళ్లు చూపించారు. ఆ మాట నిజం.

అదే చూపు ఇంటి లోపల ఎంత లోతుకు వెళ్లగలదో బామ్మ ఘట్టం చెబుతుంది. రాత్రిళ్లు ఆమె ఒడిలో పడుకుని రాజం గొప్పలు చెప్పేది స్వామి. ఆమె స్వామి తాతగారి మాట ఎత్తబోతే వినడు. ఒకరోజు కడుపునొప్పితో బాధపడుతూ నిమ్మకాయ తెచ్చిపెట్టమని అడుగుతుంది. క్రికెట్ తొందరలో స్వామి విసుక్కుని వెళ్లిపోతాడు. ఆట నడుమ ఆ సంగతి గుర్తొచ్చి గుండెల్లో గుబులు మొదలవుతుంది. బామ్మ చచ్చిపోయిందేమో! పరుగున ఇల్లు చేరతాడు. ఆమె బాగానే ఉంది. ఏమీ జరగలేదు. ఇంకెవరైనా ఐతే ఆమెను మంచం పట్టించి ఉండేవారు, కనీసం ఒక కన్నీటి చుక్క రాల్పించి ఉండేవారు. నారాయణ్ ఆ భయాన్ని పిల్లవాడికి నిజంగా కలిగించి, అంతలోనే తీసేశాడు. మనవడి లోపల జరిగినదంతా ఆమెకు తెలియనే తెలియదు. మనకు మాత్రం తెలుసు. ఇంట్లో ముసలివాళ్ల మాట వాయిదా వేసి బయటికి పరిగెత్తిన ఎవరికైనా ఈ పేజీ గట్టిగా తగులుతుంది.

ఆయన ఇంగ్లీషు మీద వచ్చిన విమర్శ తెలిసిందే. నారాయణ్ కన్నుమూసిన 2001లో శశి థరూర్ ఆ వచనం చప్పగా ఉంటుందని రాశారు. వి.ఎస్. నైపాల్‌ది మరో ఫిర్యాదు, భారతదేశపు గాయాలను ఈ రచయిత తప్పించుకుపోతాడని. నేను ఆ చప్పదనాన్ని గుణంగానే లెక్కేస్తాను, కనీసం ఈ నవల వరకు. స్వామి ఇంట్లో మాట్లాడే భాష ఇంగ్లీషు కాదు. వాక్యానికి రంగులద్దితే పిల్లవాడికీ మనకూ మధ్య ఇంగ్లీషు అడ్డంగా నిలబడేది. పొట్టి వాక్యాలు, మామూలు క్రియలు, అలంకారాలు దాదాపు లేవు. బెంగళూరులో తెలుగు ఇంట్లో పెరుగుతూ బయట కన్నడం, బడిలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు ఈ పుస్తకాన్ని నిఘంటువు లేకుండా చదివేస్తారు. తమ ఇంటి మాటే విన్నట్టుంటుందని చెబుతారు. నల్లేరు మీద బండిలా సాగే వచనం రాయడం వెనక ఎంత కొట్టివేత ఉంటుందో రాసేవాళ్లకు తెలుసు.

చాలామందికి ఈ కథ పుస్తకంగా కాక 1986లో దూరదర్శన్‌లో వచ్చిన 'మాల్గుడి డేస్'గా తెలుసు. బెంగళూరు సినిమా, నాటకరంగాల మనిషి శంకర్ నాగ్ అగుంబెలో తీశారు. మాస్టర్ మంజునాథ్ స్వామి, గిరీశ్ కర్నాడ్ తండ్రి, ఎల్. వైద్యనాథన్ సంగీతం, ఆర్.కె. లక్ష్మణ్ బొమ్మలు. పుస్తకం గొప్పదా, సీరియల్ గొప్పదా అన్నది మా తరంలో తీరని వాదం. మంజునాథ్ ముఖం అద్భుతం. కానీ తెరమీద ముఖం ఉంటుంది కనుక స్వామికి ఏమనిపించిందో చూపక తప్పదు. పేజీ మీద ఆ అవసరం లేదు.

దీనికి పరీక్ష ఆఖరి అధ్యాయం. బోర్డు హైస్కూల్లో హెడ్మాస్టరు బెత్తం లాక్కుని కిటికీలోంచి విసిరేసి, భయంతో ఊరు వదిలి, అడవి దారిలో తప్పిపోయి, దొరికి తిరిగొచ్చేసరికి స్వామి ఆడవలసిన మ్యాచ్‌లో జట్టు ఓడిపోయింది. రాజం మాట్లాడడం మానేశాడు. తండ్రికి బదిలీ అయి వెళ్లిపోతున్న రాజానికి ఇవ్వడానికి స్వామి ఆండర్సన్ కథల పుస్తకం పట్టుకుని స్టేషనుకు వస్తాడు. రైలు కదిలాక మణి ఆ పుస్తకం తీసుకుని పరుగెత్తి రాజం చేతిలో పెడతాడు. రాజం ఉత్తరం రాస్తానన్నాడని వచ్చి చెబుతాడు. మరి అడ్రసు? అదీ తెలుసన్నాడట. స్వామి మణి ముఖంలోకి చూస్తే ఏమీ అంతుపట్టదు.

రాజం నిజంగా అన్నాడా, మణి కల్పించాడా? నా మట్టుకు మణి కల్పించాడనే నమ్ముతాను. పుస్తకమంతా దుడ్డుకర్ర పట్టుకుని అందరి బుర్రలూ పగలగొడతానని బెదిరించినవాడు స్నేహితుడి కోసం ఒక అబద్ధం మోశాడు. అందుకే ఆ ముఖం మూసుకుపోయింది. నారాయణ్ మొదటి అధ్యాయం నుంచీ మణి ముఖాన్ని తెరిచిన పుస్తకంలా ఉంచింది ఈ ఒక్క క్షణం కోసమేనని నా వాదన. పెద్దవాళ్లు చాలామంది ఇదే అంటారు. ఈ మధ్య ఒక ఐదో తరగతి అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. రాజం ఒకసారి స్వామి ఇంటికి ఫలహారానికి వచ్చాడు, ఆ రోజు స్వామి నాన్న గది తనదే అన్నట్టు సర్దిపెట్టుకున్నాడు, ఇల్లు తెలిసినవాడికి అడ్రసు తెలియకపోవడమేమిటని అడిగింది. పుస్తకం తెచ్చి పేజీ కూడా చూపించింది.