టోపీ వేషం

అరకు లాడ్జిలో టీవీ పెడితే 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ వస్తోంది. కృష్ణకి విజిళ్లేసినవాళ్లమే మేం. ఈసారి మాత్రం 1922లో చింతపల్లి స్టేషన్ మీదకు రాజుతో నడిచిన ఆదివాసుల్ని వెతుక్కున్నాం. గంటం దొరకు కాస్త చోటు. మిగతా మన్యమంతా జై కొట్టే గుంపు.

2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’లో కొమురం భీం అక్తర్ అవుతాడు. టోపీ, సుర్మా పెట్టుకుని ఢిల్లీలో ముస్లింల ఇంట తలదాచుకుంటాడు. పని తీరాక టోపీ తీసేస్తాడు. చివరికి రాముణ్ణి చదువు అడుగుతాడు. గోండుకి గురువు కావాలి, సాయిబు వేషానికి పనికొస్తాడు! బజార్లో మా టోపీని మేం అంత తేలిగ్గా తీయలేం.

తప్పు మాలోనూ ఉంది. పొద్దున థింసా ఆడిన ఆడవాళ్లతో ఫోటోలు దిగాం. ఒక్కరి పేరూ అడగలేదు. మమ్మల్ని వేషం చేశారని అరిచే మేం, వాళ్లనీ వేషంగానే చూశాం.