గుడ్డులో పెరిగే ఫ్లూ టీకా

ఫ్లూ టీకా చేసేవాళ్లకి దాదాపు ప్రతి ఏడూ పని మళ్లీ మొదటికొస్తుంది. వైరస్ పైరూపం మార్చుకుంటూనే ఉంటుంది మరి. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ లాంటి కేంద్రాలు ఏడాది పొడవునా దాని మీద కన్నేసి ఉంచుతాయి. ఆ సమాచారంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో టీకా రకాలను సిఫారసు చేస్తుంది. అక్కణ్నుంచి చేతిలో ఉండేది సుమారు ఆరు నెలలు.

టీకా కోసం వైరస్‌ని కోడిగుడ్డులో పెంచుతారు, కానీ రోగి నుంచి తీసిన వైరస్ అందులో సరిగా పెరగదు. వైరస్‌ల శాస్త్రవేత్త ఎడ్విన్ కిల్‌బోర్న్ 1960లలో దీనికి చూపిన దారి అద్భుతం. గుడ్డులో ఏపుగా పెరిగే 1934 నాటి ప్యూర్టోరికో వైరస్‌నీ, ఈ ఏటి ‘ఎ’ రకం వైరస్‌నీ కలిపి పెంచుతారు. జన్యువులు కలగలిసిపోతాయి. ఎదిగే సత్తువ పాతదానిదీ, పైనుండే రెండు ప్రొటీన్లు కొత్తదానివీ అయినదాన్ని ఏరుకుంటారు.

ఇక గుడ్డు. పొదగేసి పది రోజులైన గుడ్డు వెనక దీపం పెడితే ఎర్రటి నాళాలు, కదిలే పిండం, మొద్దు కొన దగ్గర గాలి అర కనిపిస్తాయి. కదలిక లేనిదాన్ని పక్కన పెట్టేస్తారు. సూది గాలి అరలోంచి దిగి, పిండానికి తగలకుండా, పక్కనున్న ద్రవంలో వైరస్‌ని వదలాలి. రెండు మూడు రోజుల్లో ఆ ద్రవం నిండా వైరసే. వెంటనే పెంకు కోసేయరు. ముందు గుడ్లను చల్లబరుస్తారు. చలికి నాళాలు ముడుచుకుంటాయి, ద్రవం లాగేటప్పుడు నెత్తురు కలవదు. ఆ ఒక్క జాగ్రత్త చాలు, పనితనం ఎంతటిదో తెలియడానికి.

ఆపైన శుద్ధి చేసి, రసాయనంతో వైరస్‌ని చంపి, ముక్కలు చేస్తారు. మామూలు డోసులో ఒక్కో రకానికి, ఆ పైనుండే రెండు ప్రొటీన్లలో ఒకటైన హీమాగ్లూటినిన్ 15 మైక్రోగ్రాములు ఉంటుంది. చచ్చిన ముక్కలు ఫ్లూ తెప్పించలేవు. చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజుల నలత మాత్రం మామూలే. నరాలను దెబ్బతీసే గీలన్-బారీ జబ్బు ముప్పు పెరిగినా, అది పది లక్షల మందిలో ఒకరిద్దరికి మించదని లెక్క.

ఇంతా చేసి, రకాలు బాగా కుదిరిన ఏడు కూడా రక్షణ నూటికి 40 నుంచి 60 పాళ్లే. గుడ్డుకు అలవాటుపడే క్రమంలో వైరస్ కాస్త మారిపోవడం అందుకు ఒక కారణం. అందుకే కొందరు గుడ్డు వదిలేసి కణాల్లో పెంచుతున్నారు. పనికిరానిదాన్ని తీసేయడమూ ఈ పనిలో భాగమే: 2020 మార్చి తర్వాత ‘బి’ యమగాటా రకం ఎక్కడా నిర్ధారణ కాలేదు, దాన్ని టీకాలో ఉంచక్కర్లేదని 2023 సెప్టెంబరులో నిపుణులు తేల్చారు.