ఉద్వేగ ప్రజ్ఞ: నిర్వచనం, కొలత, మన విద్యార్థి భాష

సారాంశం: మనోవిజ్ఞానవేత్తలు ఉద్వేగ ప్రజ్ఞను కొందరు సామర్థ్యంగాను, కొందరు మూర్తిమత్వ లక్షణంగాను నిర్వచించారు. ఈ భేదాన్ని పాటించకుండా స్వీయనివేదన శోధికలను తెలుగు విద్యార్థులకు ఇచ్చినప్పుడు లభించే అంకెకు అర్థమేమిటో ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఉద్వేగ ప్రజ్ఞ, స్వీయనివేదన, సప్రమాణత, మొహమాటం.

1. ప్రవేశిక

విద్యాశాస్త్ర పరిశోధనలో ఉద్వేగ ప్రజ్ఞ సుపరిచితమైన చరం. ఒక శోధికను పంచి, స్త్రీ-పురుష, గ్రామీణ-పట్టణ భేదాలను బట్టి సగటులను పోల్చి, తేడా సార్థకమో కాదో తేల్చడం రివాజు. గణనలో లోపం లేకపోవచ్చు. గణించినది ప్రజ్ఞేనా అన్నది అసలు ప్రశ్న. పూర్వపు కృష్ణాజిల్లా మెట్టప్రాంతానికి చెంది, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్న జగ్గయ్యపేట, నందిగామ పట్టణాల్లో చదివే విద్యార్థిని దృష్టిలో ఉంచుకొని ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

2. ఒకే పేరు, రెండు భావనలు

1920లో థార్న్‌డైక్ సాంఘిక ప్రజ్ఞను ప్రస్తావించాడు. 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్‌లు తనలోనూ ఇతరులలోనూ కలిగే భావాలను గుర్తించి, వాటి తేడాలెరిగి, ఆ ఎరుకను ఆలోచనకూ ఆచరణకూ వినియోగించుకొనే సామర్థ్యంగా ఉద్వేగ ప్రజ్ఞను నిర్వచించారు. 1997లో దానిని ఉద్వేగాలను గ్రహించడం, ఆలోచనకు వినియోగించడం, అవగాహన చేసుకోవడం, నిర్వహించుకోవడం అనే నాలుగు శాఖలుగా పునర్వ్యవస్థీకరించారు. ఈలోగా 1995లో డేనియల్ గోల్‌మన్ గ్రంథం ఈ పదాన్ని లోకమంతటా ప్రచారం చేసింది. పట్టుదల, ప్రేరణ వంటివన్నీ ఆ గొడుగు కిందికి చేరాయి. రూవెన్ బార్-ఆన్ నమూనాలో నిశ్చయాత్మకత, స్వతంత్రత, ఆశావాదం, సంతోషం కూడా అంగాలే. పెట్రైడ్స్ తన భావనను సామర్థ్యమని కాక 'లక్షణ ఉద్వేగ ప్రజ్ఞ' అని స్పష్టంగా వేరుచేశాడు. ఈ స్పష్టత మన పరిశోధనల్లోనూ అవసరం.

3. రెండు రకాల కొలత

మేయర్, సాలొవే, కరూసో 2002లో వెలువరించిన నికషలో 141 అంశాలున్నాయి. ముఖచిత్రాలలోని ఉద్వేగాన్ని గుర్తించడం, ఒక సన్నివేశంలో ఏ చర్య ఫలిస్తుందో నిర్ణయించడం వంటి పనులను అది చేయిస్తుంది. స్వీయనివేదన శోధికలు ఏ పనీ చేయించవు, "నీవెలాంటివాడవు?" అని అడుగుతాయి. బార్-ఆన్ శోధికలో 133 అంశాలు, 1998 నాటి షుట్టీ మాపనిలో 33 అంశాలు ఉన్నాయి. మన దేశంలో ఎస్.కె. మంగళ్, శుభ్రా మంగళ్‌లు రూపొందించిన శోధికలో అవును-కాదు సమాధానాల అంశాలు వంద. తనకు ఈత వచ్చునని చెప్పడం వేరు, మునేరు ఈది చూపడం వేరు. బ్రాకెట్, మేయర్‌లు 2003లో ఈ రెండు రకాల సాధనాలను పోల్చినప్పుడు సహసంబంధం సుమారు 0.2 మాత్రమే. అనగా రెండింటికీ ఉమ్మడిగా ఉన్న విచరణ దాదాపు నాలుగు శాతం. స్వీయనివేదన శోధికలకు విశ్వసనీయతా గుణకం ఎంత ఎక్కువగా ఉన్నా అది సప్రమాణతకు బదులు కాజాలదు.

4. మెట్టప్రాంతపు విద్యార్థి ముందు ఈ శోధిక

"ఇష్టంలేని పనిని కాదని చెప్పగలను" వంటి అంశాన్ని ఉదాహరణగా ఊహించుకొందాం. మిర్చి కోతల రోజుల్లో పెదనాన్న రమ్మంటే, పరీక్షలున్నా మొహమాటపడి వెళ్ళే అమ్మాయి దీనికి "కాదు" అని గుర్తుపెడుతుంది. ఆమెకు పెదనాన్న అవసరం తెలుసు, తన విసుగు తెలుసు, కాదంటే ఇంట్లో మిగిలే కినుకా తెలుసు. సాలొవే, మేయర్‌ల లెక్కన ఇది ఉద్వేగావగాహనే. నిశ్చయాత్మకతను కొలిచే శోధికలో మాత్రం ఆమెకు మార్కు పోతుంది. అలక కూడా ఇటువంటిదే. అలిగినవారు చెప్పరు, ఎదుటివారు గ్రహించాలని ఆశిస్తారు. "నా భావాలను స్పష్టంగా చెబుతాను" అనే వాక్యానికి అందులో చోటు లేదు.

భాష మరో చిక్కు. 'ఉద్వేగ నియంత్రణ' పాఠ్యపుస్తకపు మాట. మనసు చివుక్కుమనడం, కడుపు రగలడం, బెంగపడడం విద్యార్థి మాటలు. మొదటి రకం మాటలతో నిండిన అనువాదం ఉద్వేగ ప్రజ్ఞతోపాటు గ్రాంథిక పదజ్ఞానాన్నీ కొలుస్తుంది. ఇక నివాస చరం సంగతి. చందర్లపాడు నుండి నందిగామకు, వత్సవాయి నుండి జగ్గయ్యపేటకు రోజూ బస్సులో వచ్చి చదివే విద్యార్థి గ్రామీణుడా, పట్టణవాసా? కళాశాల చిరునామాను బట్టి వర్గీకరిస్తే, ఆ తరువాతి సార్థకతా పరీక్షకు ఆధారమే ఉండదు.

సామర్థ్య నికష సైతం నిర్దోషం కాదు. అందులో 'సరియైన సమాధానం' ప్రామాణీకరణ నమూనాలోని అధికసంఖ్యాకుల ఎంపికను బట్టి, లేదా 21 మంది ఉద్వేగ పరిశోధకుల అభిప్రాయాన్ని బట్టి నిర్ణయమైంది. అందరికంటె సూక్ష్మంగా గ్రహించినవాడు ఆ పద్ధతిలో నష్టపోవచ్చు. పైగా ఆ అధికసంఖ్యాకులు మనవారు కారు. ఎడ్విన్ లాక్ 2005లో ఈ భావననే చెల్లనిదని తిరస్కరించాడు. అంతదూరం పోనక్కరలేదు గాని, ఆ హెచ్చరికను పెడచెవిన పెట్టరాదు.

5. ముగింపు

సామర్థ్య నికష లోపాన్ని మనం సవరించుకోగలం. తేమ ఎక్కువుందని పత్తికి ధర తగ్గించగా తండ్రి మౌనంగా ఇంటికి వచ్చాడు. రేపే ఫీజుకు గడువు. కొడుకు ఏమనాలి? ఇటువంటి సన్నివేశాలను తెలుగులోనే రచించి, సమాధానాలను ఇక్కడి పెద్దలచేత, విద్యార్థులచేత వేరువేరుగా తూకం వేయించి, వారి ఏకీభావంతోపాటు భేదాన్నీ నమోదు చేయాలి. స్వీయనివేదనతో సరిపెట్టుకొనే పరిశోధకుడు శీర్షికలోనే 'ఉద్వేగ స్వీయాంచనా' అని పేర్కొనాలి. అనువాద విధానాన్ని, బోధనామాధ్యమం వారీగా అంశ విశ్లేషణను తప్పక చూపాలి. 'ఉద్వేగ ప్రజ్ఞ తక్కువ' అన్న మాట సిద్ధాంత గ్రంథంలో ఒక పట్టికే కావచ్చు. అది ఉపాధ్యాయుని నోట సలహాగా వెలువడినప్పుడు మొహమాటస్థురాలైన ఆ అమ్మాయి దానిని నమ్ముతుంది, కాదని చెప్పదు.