చలికాలపు కూతలు, చెవికి చదువు

పిట్టల పాటంటే మనకు వసంతమే గుర్తొస్తుంది. కోయిల సంగతికొస్తే అది నిజమే. కానీ వినడం నేర్చుకోవాలంటే మార్గశిర, పుష్య మాసాలే మేలు. గూళ్లు కట్టే రోజుల్లో అన్నీ ఒక్కసారే గొంతు విప్పుతాయి, ఏ పాట దేనిదో తేలదు. చలికాలంలో గొంతులు తక్కువ, వినపడేవీ ఎక్కువగా పొట్టి కూతలే. విడదీసి వినొచ్చు.

చలికి ఇంకో మేలూ ఉంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్లు. గాలాడని చలిరాత్రి నేల దగ్గరి గాలి ముందుగా చల్లబడుతుంది, పైన కాస్త వెచ్చగా ఉంటుంది. పైకి పోవాల్సిన శబ్దం ఆ వెచ్చదనం దగ్గర వంగి కిందికి దిగుతుంది. అందుకే పుంగనూరు వైపు చెరువుల్లో అవతలి గట్టున తీతువు అరిస్తే పక్కనే అరిచినట్టుంటుంది. ఎండెక్కిందంటే ఆ సౌకర్యం పోయినట్టే.

వినేటప్పుడు మొదట పిట్ట కోసం కళ్లతో వెతకడం మానాలి. చేతులు చెవుల వెనక దొప్పలా పట్టుకుని, ఒకే గొంతును ఎంచుకోవాలి. రాగం సంగతి తర్వాత, ముందు లయ. జెముడుకాకి ‘ఊప్ ఊప్’ అంటూ బరువుగా వరసపెడుతుంది. కౌజు తన మూడు ముక్కల కూతను తిప్పితిప్పి గట్టిగా అరుస్తుంది. ఆ తర్వాత కూత నేల మీదదా, పొదలోదా, కొమ్మ చివరిదా చూసుకుంటే సగం పని అయినట్టే.

ముళ్లపొదలోంచి ‘చక్... చక్’ అని రెండు గులకరాళ్లు తట్టినట్టు వినపడుతుంది. ఎంతసేపు నిలబడ్డా ఆకు కదలదు. అది బ్లైత్స్ రీడ్ వార్బ్లర్, ఉత్తర దేశాల నుంచి చలికి దిగొచ్చిన గోధుమరంగు పిట్ట. ‘ఈ పొద నాది’ అని హద్దు చెప్పుకునే కూత అది. పైన చెట్టులో ‘చిస్వీ’ అనేది గ్రీనిష్ వార్బ్లర్. పది గ్రాములైనా తూగదు, గొంతు మాత్రం తోపంతా వినిపిస్తుంది.

ఈ విద్యకు ఇక్కడ పెద్ద బడి ఉంది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి నెలకొల్పిన రిషివ్యాలీలో, ఎండిన లోయకు చెట్లు తిరిగొచ్చాక పిట్టలూ పెరిగాయి. 1991లో ఆ లోయను పక్షి సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. రంగస్వామి, శ్రీధర్ అక్కడి పక్షుల మీద పుస్తకమే రాశారు. దక్షిణాది రాతిగుట్టల్లో తప్ప మరెక్కడా బతకని పసుపు గొంతు పికిలి అక్కడా, హార్సిలీ హిల్స్‌లోనూ ఉంది. బెరుకు పిట్ట, ముందు చెవికే దొరుకుతుంది. సాయంత్రం పిల్లలంతా మౌనంగా కూర్చునే ‘అస్తాచలం’ ఆ బడి ఆనవాయితీ. నన్నడిగితే తెల్లవారుజామునా అలాంటిదొకటి ఉండాలి.

కుప్పంలో మాత్రం ఒక జాగ్రత్త. కౌండిన్య అభయారణ్యం ఏనుగులు పొలాల్లోకీ దిగుతుంటాయి. చీకటితో అడవి దారి పట్టకండి. ఊరు దాటకుండా ఏ మామిడితోపు గట్టునో నిలబడ్డా ఈ పిట్టల్లో సగానికి పైగా వినపడతాయి.