బాపుకు ఎంత ముదిరింది?

స్కాన్ రిపోర్టు చేతికందగానే కొడుకులు అడిగే మొదటి ప్రశ్న ఇదే. మోస్రా, వర్ని, బోధన్ వైపు నుంచి వచ్చిన మావాళ్లయితే ఇంకో మాట కూడా కలుపుతారు: "ఆర్నెల్లకోసారి తీయిద్దాం సారూ, ఎంత పెరుగుతున్నదో తెలుస్తది." మెదడు స్కాన్లు చదవడమే నా వృత్తి. అయినా ఆ రెండో స్కాన్ ఎందుకు వద్దంటానో ఈ వారం చెప్పాలనిపించింది.

పార్కిన్సన్స్ జబ్బు మామూలు ఎంఆర్ఐలో సులువుగా దొరకదు. మెదడు లోతున డోపమిన్ తయారుచేసే కణాలు నశించడమే ఈ జబ్బుకు మూలం. వాటి జాడ చూడటానికి మేం చేసేది ట్రోడాట్ స్కాన్. టెక్నీషియం కలిపిన మందును నరంలోకి ఎక్కిస్తాం. అది డోపమిన్ కణాల కొసలను వెతుక్కుంటూ పోయి అతుక్కుంటుంది. దాదాపు నాలుగు గంటలాగి మనిషిని కెమెరా కింద పడుకోబెడతాం. టెక్నీషియం ఆరు గంటలకోసారి సగానికి తరిగిపోతుంది. అందుకే డోసు కలిపాక రోగి ఎక్కిన బోధన్ బస్సు ఆలస్యమైందంటే మాకు గుబులే.

షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడేదాకా అక్కడికి చెరకు తోలిన ఓ పెద్దాయన ఆ కెమెరా బల్ల మీద పడుకున్నాడు. తల కదలకుండా పట్టీ వేశాం. పొట్ట మీద పెట్టుకున్న కుడిచేయి మాత్రం ఆగడం లేదు. బొటనవేలు చూపుడువేలి మీద బీడీ చుట్టినట్టు తిరుగుతూనే ఉంది. తెర మీద బొమ్మ వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న మెదడులో రెండు వైపులా రెండు కామాలు వెలుగుతూ కనిపించాలి. ఆయనకు ఎడమ కామా తోక పూర్తిగా ఆరిపోయి చుక్క మాత్రమే మిగిలింది. కుడి కామా తోక పలచబడింది. వణుకు ఏ చేతిలో ముందు మొదలైతే దానికి ఎదురు వైపు మెదడే ఎక్కువగా దెబ్బతింటుంది. ఆ దెబ్బ తోకతోనే మొదలవుతుంది.

ఈ మొదటి స్కాన్ విలువ తక్కువది కాదు. గ్యాస్ మాత్రల్లో కలిసి వచ్చే లెవోసల్పిరైడ్, కళ్లు తిరిగితే వాడే ఫ్లునారిజిన్ వల్ల కూడా మనిషి బిగుసుకుపోతాడు, చేతులు వణుకుతాయి. అలాంటివాళ్లకు ఈ బొమ్మ సాధారణంగా మామూలుగానే ఉంటుంది. చాలామందికి ఆ మాత్ర ఆపితే మెల్లగా నయమవుతుంది. డాక్టరుకు అనుమానం ఉన్నచోట ఒక్క స్కాన్‌తో ఏళ్ల తరబడి తప్పు మందు మింగే బాధ తప్పుతుంది.

మరి జబ్బు ముదరడాన్ని బొమ్మలో కొలవలేమా? కొలుస్తున్నారు. 1983లో కెనడాలో గార్నెట్ బృందం బతికున్న మనిషి మెదడులోని డోపమిన్‌ను మొదటిసారి బొమ్మగా చూపింది. 2010లో మైకేల్ జె. ఫాక్స్ ఫౌండేషన్ మొదలుపెట్టిన పీపీఎంఐ అధ్యయనంలో రోగులకు ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ స్కాన్లు తీశారు. ఈ వెలుగు ఏడాదికి సుమారు 5 నుంచి 10 శాతం తగ్గుతుందని ఇలాంటి అధ్యయనాలవల్లే తెలిసింది. కానీ ఒకే మనిషికి కొద్దిరోజుల తేడాతో రెండుసార్లు తీసినా అంకెలో దాదాపు అంత తేడా రావచ్చు. వందల మంది సగటులో ఆ తేడా సర్దుకుపోతుంది. ఒక్క బాపు విషయంలో సర్దుకోదు. ఆర్నెల్లకు తీసిన బొమ్మ చూసి "ఇంత ముదిరింది" అని నేను రాస్తే అది ఊహే అవుతుంది.

ఇంకో సంగతి ఉంది, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అదే. 2004లో అమెరికాలో ఎల్‌డోపా అనే పరీక్ష ఫలితాలు వచ్చాయి. 361 మందిలో కొందరికి ఈ జబ్బుకు వాడే లెవోడోపా మందు, కొందరికి ఉత్తుత్తి మాత్ర 40 వారాలు ఇచ్చి, ఆపైన రెండు వారాలు ఆపి చూశారు. లెవోడోపా వాడినవాళ్ల నడక, చేతి పని మెరుగ్గా ఉన్నాయి. స్కాన్ తీసినవాళ్లలో మాత్రం లెవోడోపా వాడినవాళ్ల వెలుగే ఎక్కువ తగ్గింది! మనిషి బాగున్నాడు, బొమ్మ బాగాలేదు. మందు కణాలను చంపుతోందేమోనని కొందరు భయపడ్డారు. మందు ప్రభావంతో స్కాన్ అంకె మారి ఉండొచ్చని మరికొందరన్నారు. 2019లో నెదర్లాండ్స్‌లో 445 మంది మీద జరిగిన లీప్ పరీక్షలో, లెవోడోపా ముందే మొదలుపెట్టినవాళ్లూ 40 వారాలు ఆగి మొదలుపెట్టినవాళ్లూ 80 వారాలకు ఒకేలా ఉన్నారు. మందు జబ్బును ఆపలేదు, ముదిరించనూ లేదు.

మన పల్లెల్లో ఆ మందంటే భయం ఇంకా పోలేదు. "ఇప్పుడే మొదలుపెడితే తర్వాత పనిచేయదట" అని మాత్రలు దాచిపెట్టి, చొక్కా గుండీ పెట్టుకోలేక, మంచంలో పక్కకు ఒత్తిగిలలేక అవస్థపడే పెద్దలను చూస్తుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది. వాళ్లు పోగొట్టుకుంటున్నవి తిరిగిరాని మంచి రోజులు.

హైదరాబాద్‌కు రానూపోనూ ఖర్చుపెట్టి రెండో స్కాన్ తీయించేకన్నా, మీ పెద్దాయన నడుస్తున్నప్పుడు, కుర్చీలోంచి లేస్తున్నప్పుడు నెలకోసారి ఫోన్‌లో వీడియో తీయండి. ఒక కాగితం మీద ఒకే వాక్యం రాయించి తేదీ వేయండి, అక్షరాలు చిన్నవవుతున్నాయేమో చూడండి. లెవోడోపా మాత్ర వేసుకున్నాక ఎన్ని గంటలు పనిచేస్తున్నదో రాసిపెట్టండి. ఆ మాత్ర అన్నానికి అరగంట ముందు ఇవ్వండి. ఇవన్నీ తీసుకుని న్యూరాలజిస్టును కలవండి. ఎవరేమన్నా సరే, మీ అంతట మీరు మాత్రం మాత్రలు ఉన్నట్టుండి ఆపకండి, అది ప్రాణం మీదికి తెస్తుంది.