వాలెస్ స్టెగ్నర్ - నిలబడి చూసిన చోటు

రచన నేర్పే మేష్టరు తాను రాయడానికి కూర్చున్నప్పుడు ఏం చేస్తాడు? తరగతిలో చెప్పిన సూత్రం అతని కథల్లో, యాత్రారచనల్లో ఎంతదాకా నిలుస్తుంది? ఈ ప్రశ్నకు అమెరికన్ రచయిత వాలెస్ స్టెగ్నర్ (1909-1993) కంటె తగిన ఉదాహరణ నాకు కనిపించలేదు. మెచ్చేవారు అతన్ని ప్రకృతిప్రేమికుడంటారు. మెచ్చనివారు ప్రచ్ఛన్నయుద్ధకాలపు ఆస్థాన గురువంటారు. రెండింటిలోనూ కొంత నిజం వుంది గాని, రెండూ కలిపినా పూర్తి నిజం కాదు.

1946లో స్టెగ్నర్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సృజనాత్మక రచనకు ప్రత్యేకమైన తరగతులు నెలకొల్పాడు. యుద్ధం నుంచి తిరిగివచ్చి ప్రభుత్వ ఖర్చుతో చదువుకుంటున్న సైనికులు తొలి విద్యార్థులలో వున్నారు. డబ్బిచ్చినవాడు టెక్సాస్ చమురుతో సంపన్నుడైన ఇ.హెచ్. జోన్స్, ఆంగ్లశాఖాధిపతికి సోదరుడు. చమురు డబ్బుతో పెట్టిన బడి గనుక అక్కడి చదువంతా చమురు కంపే కొట్టిందని తేల్చేస్తే విమర్శకుడి పని తేలికవుతుంది గాని, సత్యం దొరకదు. కూలిపనులు చేస్తూ, నలుగురు బిడ్డల్ని పెంచుతూ, కమ్యూనిస్టు ఉద్యమంలో జైలుకు కూడా వెళ్లిన టిల్లీ ఓల్సెన్‌కు కథలు రాసుకునే వ్యవధి దొరికింది 1950ల నడిమిలో, ఆ బడి ఇచ్చిన ఫెలోషిప్‌తోనే.

స్టెగ్నర్ గొప్పగా రాసింది తను పెరిగిన నేల గురించి. పడమటికి పోతే భూమి దొరుకుతుంది, అదృష్టం కలిసివస్తుంది అన్న ఆశతో అతని తండ్రి కెనడా సరిహద్దున గోధుమ వేసి, వానల్లేక చితికిపోయాడు. 1943 నాటి నవల ‘ది బిగ్ రాక్ కాండీ మౌంటెన్’కూ, చరిత్రనూ యాత్రనూ కథనూ కలిపి నేసిన ‘వుల్ఫ్ విల్లో’ (1962)కూ ఆ ఓటమే మూలం. 1954లో జాన్ వెస్లీ పావెల్‌పై రాసిన పుస్తకంలో దాని కారణాన్ని కూడా పట్టుకున్నాడు. నూరవ రేఖాంశానికి పడమట చాలాచోట్ల ఏడాదికి 20 అంగుళాల వాన పడదు. అక్కడ 160 ఎకరాల కమతం బతుకునివ్వదు. నీటిని రైతులు సహకార పద్ధతిని పంచుకోవాలి అని 1878లోనే చెప్పినవాడు పావెల్. ఆ మాట పాలకులకు రుచించలేదు. చితికినవాడి పొలంలో నిలబడి చూశాడు గనుక, ‘సరిహద్దు వీరుల’ కథ లోపలి డొల్లతనం స్టెగ్నర్‌కు కనిపించింది.

చోటు మారినప్పుడు చూపూ మారింది. 1915లో సాల్ట్ లేక్ సిటీలో ఉరితీతకు బదులు తుపాకులతో కాల్చిచంపబడిన కార్మిక గాయకుడు జో హిల్‌పై అతను 1950లో ‘ది ప్రీచర్ అండ్ ది స్లేవ్’ నవల రాశాడు. అంతకు రెండేళ్ల ముందే హిల్ నేరస్థుడై వుండవచ్చని వ్యాసం రాసి, కార్మికసంఘం ఆగ్రహానికి గురైనవాడు. అనుమానించడం రచయిత హక్కు. నేను దానితో తగాదా పెట్టుకోను. నా తగాదా వేరు. ఆ నవలలో హిల్‌ను మనకు చూపే ముఖ్యమైన కన్ను గుస్ లండ్ అనే మిషనరీది. అతను దయగలవాడే, కాని ఉద్యమానికి బయటివాడు. అందుచేత హిల్ మనస్సు ఒక చిక్కుముడిగా మిగిలింది. అతని పాటలు పాడినవాళ్ల ఆకలి వెనుక తెరగా మిగిలింది.

1955లో ఆరామ్‌కో చమురు కంపెనీ పనిమీద స్టెగ్నర్ సౌదీ అరేబియా వెళ్లాడు. ఆ యాత్రాఫలం ‘డిస్కవరీ!’ మొదట కంపెనీ సొంత పత్రికలో వరసగాను, 1971లో పుస్తకంగాను వచ్చింది. 1933 ఒప్పందం, ఎడారిలో భూగర్భశాస్త్రజ్ఞుల తిరుగుడు, 1938లో చమురు పొంగిన దమ్మామ్ ఏడో బావి, అన్నీ చకచకా నడుస్తాయి. దారిచూపే బెదూయిన్ ఖమీస్‌పై రచయితకు నిజమైన గౌరవమే వుంది. కాని స్వదేశంలో తాను పగలగొట్టిన ‘సరిహద్దు వీరుడి’ బొమ్మనే ఇక్కడ అతికించి నిలబెట్టాడు. మార్గదర్శికి ముఖం వుంది, కూలిజనానికి లేదు.

పుస్తకం యుద్ధకాలంతో ముగుస్తుంది, తరువాతి సంగతులు అందులో వెతకడం న్యాయమా అని అడగవచ్చు. 1953లో సుమారు 13,000 మంది ఆరామ్‌కో కార్మికులు సమ్మె చేశారు. నాయకుల్ని జైల్లో పెట్టారు. 1956లో రాజశాసనం సమ్మెనే నిషేధించింది. ఈ రెంటికీ నడుమ స్టెగ్నర్ అక్కడ వున్నాడు. అమెరికన్లకో శిబిరం, అరబ్బులకో శిబిరం అప్పటికీ విడివిడిగానే వున్నాయి. 1945లోనే ‘వన్ నేషన్’ రాసి తన దేశంలోని జాతివివక్షను ఎండగట్టిన మనిషికి ఆ కంచె కొత్తది కాదు. కథ ఎక్కడ ఆపాలో ఎంచుకోవడం కూడా శిల్పమే. ఆ ఎంపికకూ రచయితే బాధ్యుడు.

ఇతన్ని అమ్ముడుపోయినవాడని నేననను. ప్రభుత్వ కళాసంస్థపై రాజకీయ పెత్తనానికి నిరసనగా 1992లో జాతీయ కళా పతకాన్ని వద్దన్నవాడు. అందుకే సమస్య మరింత కష్టమైనది: నిజాయితీ వున్నా చూపు తప్పుతుంది. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి గల్ఫ్ శిబిరాలకు మన కుర్రవాళ్లు ఎందరో వెళ్లారు. ఆ నేలను ఎవరు చూసి రాశారన్నది మనకు దూరపు ప్రశ్న కాదు.

కళ్లతో చూసింది రాయమని రచన నేర్పే ప్రతి మేష్టరూ చెబుతాడు. మంచి మాటే. కాని ఎక్కడ నిలబడి చూశావు, నిన్నక్కడికి తీసుకెళ్లిన బండి ఎవరిది అని కూడా విద్యార్థిని అడగాలి. తన రచనను ముందు పెట్టుకుని తనను తాను కూడా అడగాలి.